మీనా సల్మాన్ షెడ్డులో ఒకటో కృష్ణుడి కిరీటం

మనామాలోని మీనా సల్మాన్ రేవు షెడ్డులో వడ్రంగిగా పనిచేస్తూ, ప్రతి చలికాలం శుక్రవారాల్లో అదే షెడ్డులో పద్యనాటకాలు ఆడిస్తున్న పెచ్చెట్టి భీమేశ్వరరావు అను నేను, సోమవారం గుండె ఆపరేషన్‌కు వెళ్లబోతూ, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా. గుండె బాగాలేదు గానీ బుద్ధి భేషుగ్గా ఉంది.

1. అమలాపురంలోని ఇల్లు, బ్యాంకులో నా పేరున ఉన్నదంతా నా భార్య వీరవేణికి సర్వహక్కులతో చెందాలి. ముహర్రక్‌లో ఇళ్లలో పనిచేసి అలసి వచ్చి కూడా, నా మొహాన కృష్ణవేషపు నీలంరంగు కొబ్బరినూనెతో తుడిచేది. చెవుల వెనక కాస్త మిగిలిపోతే మర్నాడు డ్యూటీలో అందరూ ఆటపట్టించేవారు. వేణీ, నీతో హాయిగా బతికాను.

2. హార్మోనియం మా నాటకాలకు వాయించే సాయిబాబుకు. ఒరేయ్, జల్లాఖ్ ఊళ్లో నాటకం ఆడిన రోజు నా పద్యానికి కావాలనే శ్రుతి పెంచావు. గొంతు కీచుమంటే జనం పగలబడి నవ్వారు. మర్చిపోలేదు, మర్చిపోను. అయినా ఆ పెట్టె నీ చేతిలోనే పలుకుతుంది, ఏం చేస్తాం! షరతు ఒకటే. మా రెండో కృష్ణుడు ముత్తన్నకు వాడి శ్రుతిలోనే వాయించాలి. తిక్కవేషాలు వేస్తే మా జట్టు పెద్ద నాగేంద్రబాబు పెట్టె లాక్కోవాలి. ఈ వీలునామా అమలు బాధ్యత అతనిదే.

3. కిరీటం, పిల్లనగ్రోవి జగిత్యాల తాపీమేస్త్రి ముత్తన్నకు. మా నాటకంలో కృష్ణవేషం ఇద్దరు పంచుకుంటారు. ఇన్నాళ్లూ ఒకటో కృష్ణుణ్ణి నేను, రెండో కృష్ణుడు వాడు. వాడి వంతు వచ్చేసరికి కూలీలను తీసుకెళ్లే క్యాంపు బస్సులు హారన్ కొడతాయి, జనం లేచిపోతారు. అంత గొంతున్నవాడికి ఒక్కసారీ వన్స్‌మోర్ పడలేదు. ఇకమీదట ఒకటో కృష్ణుడు వాడే. "నాకెందుకన్నా, నవ్వుతరు" అంటాడు. వాడి యాస పద్యానికి కుదరదనేవాళ్లు చెవులు మూసుకుని కూర్చోవచ్చు.

4. ముందువరస కుర్చీ మా కఫీల్‌కు, అదే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి. మొదటిసారి నేను రాగం తీస్తుంటే ఎవరికో దెబ్బ తగిలిందనుకుని మందులపెట్టెతో పరిగెత్తుకొచ్చాడు, మహానుభావుడు. ఆ తర్వాత ఏ నాటకమూ మానలేదు.

5. నేను లేకపోతే నాటకాలు ఖలాస్ అని గుసగుసలట. వచ్చే శుక్రవారం తెర లేచి తీరాలి. నన్ను శవపేటికలో విమానం ఎక్కించే పనే పడితే అది శనివారం చూసుకోండి.

6. ముత్తన్న మొదటి పద్యానికి వన్స్‌మోర్ అని అరిచే హక్కు ఎవరికీ రాసివ్వడం లేదు. అది నాది. బతికుంటే ఎప్పటికైనా వచ్చి అరుస్తాను. వచ్చే శుక్రవారం మాత్రం ఎవరూ నోరెత్తకండి. తమ్ముడూ ముత్తన్నా, పద్యం అయ్యాక కాస్త ఆగు. తర్వాత, నేను అడిగాననుకుని, మళ్లీ పాడు.

మనామా, 14 నవంబరు 2025, శుక్రవారం.
(సంతకం) పెచ్చెట్టి భీమేశ్వరరావు

మా ఎదుట సంతకం చేశారు:
గంగాప్రసాద్, వెల్డర్
మల్లిక, ద్రౌపది వేషధారి