మంత్రసాని అడిగిన మాట

ఖాన్ యూనిస్ శరణార్థి శిబిరం,
1995 సెప్టెంబరు 9

నా బంగారు చెల్లి నుహాకి,

అక్క వస్ఫియా గుండెలకు హత్తుకుని రాస్తున్నది. అమ్మాన్‌లో నువ్వూ మరిదిగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. అక్కడున్న కూతురిని చూడ్డానికి సరిహద్దు వంతెన దాటి వస్తున్న మా పక్కింటి సల్వా చేతికిస్తున్నాను. చదివాక పొయ్యిలో పడెయ్యి. మరిదిగారికి కూడా చూపించకు.

పోయినసారి నీకు బాసిల్ గురించి ఏం రాశానో గుర్తుందా? నమాజు తప్పడు, సిగరెట్టు ముట్టడు, ఇరవై ఏళ్ళకే ఇంత బుద్ధిమంతుడు శిబిరం మొత్తం మీద లేడని రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉత్తరమంతా అబద్ధమే అనిపిస్తోంది.

సోమవారం వాడి పరుపు ఎండలో వేద్దామని ఎత్తాను. గలీబులో ఏదో గరగరలాడింది. కుట్టు విప్పితే నాలుగు మడతల కాగితం. వాడి చేతిరాతే. ‘నేను, బాసిల్, నా ఇష్టపూర్వకంగా...’ అని మొదలైంది. అది వీలునామా, నుహా. వాడు ప్రాణమిచ్చి షహీదు అయిన రోజున చదవాల్సిన వీలునామా. తల్లి ఏడవకూడదట, నల్లబట్టలు కట్టకూడదట, వచ్చినవాళ్ళకు మిఠాయి పెట్టాలట. కింద తారీఖు కోసం ఖాళీ వదిలాడు. ఎలా ఉన్నదాన్ని అలా మళ్ళీ కుట్టేసి, పరుపు యథాస్థానంలో పెట్టి, ఆ మధ్యాహ్నమే పురుడు పొయ్యడానికి వెళ్ళాను. పిల్లవాడు పుట్టాడు. అందరూ నవ్వుతున్నారు. నాకేమో ఆ పసివాడి మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు.

నీకు చెప్పని మాట ఇంకొకటుంది. వాణ్ణి ఆ దారిలో పెట్టింది నేనే. మీ బావగారు ఎలాంటివారో నీకు తెలుసు. బడిపంతులు, మాటల మనిషి, మన నాలుగు రంగుల జాతీయ జెండా తప్ప మరో మతం ఎరగనివారు. కుర్రాళ్ళు సైన్యం మీద రాళ్ళు రువ్విన తిరుగుబాటు రోజుల్లో ఒకనాడు సైనికులు ఆయన్ను వీధిలోకి ఈడ్చి, గోడ మీది నినాదాలను ఆయన కోటుతోనే తుడిపించారు. ఒక గోడ కాదు, వీధంతా. బాసిల్ అప్పటికి పదమూడేళ్ళవాడు. కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు. నేను రెక్క పట్టుకు లాగినా రాలేదు. తర్వాత ఆయనకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆయన జెండావాళ్ళు వచ్చి మంచం పక్కన నిలబడి ప్రసంగాలు చేశారు. మసీదువాళ్ళు మందులు తెచ్చారు. పిల్లలకు వాళ్ళు బాలవాడి పెట్టారు, ఫుట్‌బాల్ జట్టు పెట్టారు, సాయంత్రాలు చదువు చెప్పారు. ఆయన పోయాక, మసీదులో చదువు చెప్పే నాహిద్ మాస్టారి దగ్గరికి బాసిల్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ‘తండ్రి లేని పిల్లవాడు, మీ బిడ్డే అనుకోండి’ అని అప్పగించింది నేను. తుపాకీ పట్టడం కూడా ధర్మమేనని అక్కడ నేర్పుతారని తెలియదా అంటే, తెలుసు. కానీ తుపాకీ ఎప్పుడూ పక్కింటి పిల్లవాడికే ఇస్తారని అనుకుంటాం కదా.

పోలీసులకు చెబుదామంటే, కొత్త పోలీసులు మనవాళ్ళే అయినా వాళ్ళ జైలు మాత్రం జైలే. చెబితే గోడల మధ్య పెడతారు, చెప్పకపోతే ముక్కలవుతాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు. నీకు చెప్పుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

నీ అక్క,
వస్ఫియా

•

సెప్టెంబరు 20

నా ప్రాణానికి ప్రాణమైన నుహా,

నువ్వు సల్వా చేత పంపిన రెండు వాక్యాలూ అందాయి. ‘ఏడుస్తూ కూర్చోకు. నువ్వు కూర్చునే మనిషివి కావు’ అన్నావు. అవి చదివిన పూటే లేచి, ముసుగు సవరించుకుని నాహిద్ మాస్టారి ఇంటికి వెళ్ళాను.

అతను పుట్టినప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. ఒంటరిగా పోసిన మొదటి పురుడు అతనిదే. ఎదురుకాళ్ళతో వచ్చాడు. నాలుగు గంటలు పోరాడి తల్లినీ బిడ్డనూ దక్కించాను. అందుకే నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మర్యాద తెలిసినవాడే. కుర్చీ వేశాడు, టీ తెమ్మన్నాడు.

“టీ వద్దు నాయనా. మా బాసిల్‌ను ఎక్కడికి పంపుతున్నావు?” అన్నాను.

“ఎక్కడికి పిన్నీ? చదువుకుంటున్నాడుగా.”

“మంత్రసానితో అబద్ధాలాడకు. అబద్ధం నోట్లో ఉండగానే మాకు తెలిసిపోతుంది. వాడి కాగితం చూశాను.”

అతను తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “వాణ్ణి ఎవరూ బలవంతం చెయ్యలేదు పిన్నీ. తనే వచ్చి అడిగాడు. మీరు గర్వపడాలి.”

“గర్వం సంగతి తర్వాత. నన్నెవరు అడిగారు?”

“శత్రువు ఇంట్లోకి జొరబడ్డప్పుడు కొడుకు తల్లిని అడగాల్సిన పని లేదు. ధర్మశాస్త్రమే చెబుతోంది.”

“మీ పెద్దవాడు హమ్జాకి ఎన్నేళ్ళు? వాడూ నా చేతుల మీదే పుట్టాడు. పంతొమ్మిది నిండలేదూ?”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతని భార్య వింటున్నట్టుంది.

“హమ్జా డాక్టరీ చదవడానికి సూడాన్ వెళుతున్నాడు” అన్నాడు చివరికి. “జాతికి డాక్టర్లు కూడా కావాలి.”

“కావాలి మరి. ఎవరికేం కావాలో పంచిపెట్టేది నువ్వే కదా” అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి బాసిల్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కబురు నాకంటే ముందే చేరినట్టుంది. “నా పరువు తీశావు” అన్నాడు. కన్నెర్ర చేసి నాతో మాట్లాడటం అదే మొదటిసారి. “నాన్న తుడిచిన గోడలు నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.”

“మర్చిపోలేదురా. ఆ కోటు ఉతికింది నేనే. ఒంటికి బాంబు కట్టుకుని నువ్వు ఎక్కబోయే బస్సులో ఎవరుంటారు?”

“ఎవరైతే ఏం? వాళ్ళు మన పిల్లల్ని చంపలేదా?”

“చంపారు. ఆ పిల్లల్లో ముగ్గురికి చివరి స్నానం చేయించింది నేనే. అందుకే చెబుతున్నాను. ఆ బస్సులో కూర్చున్న ప్రతివాళ్ళనూ ఎవరో ఒక మంత్రసాని రక్తంలోంచి ఎత్తి, కడిగి, తల్లి పక్కన పడుకోబెట్టే ఉంటుంది. ఆమె కష్టం ఎంతో నాకు తెలుసు. నువ్వు ఎవరికి ఏం చేసుకున్నా, ఆమె కష్టమూ నా కష్టమూ ఒక్కసారే మట్టిపాలు చేస్తున్నావు.”

వాడు లోపలికి వెళ్ళి, సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులైంది. ఎక్కడున్నాడో తెలియదు. కానీ శుక్రవారం నమాజుకు పెద్ద మసీదుకు వస్తాడు, రాకుండా ఉండడు.

నేను ఒకటి నిర్ణయించుకున్నాను. ఎవరి పేరూ చెప్పకూడదు, చెబితే పోలీసుల చెవిన పడుతుంది. అందరి ముందూ ఒక మాట అడుగుతాను, అంతే. నిన్నటి నుంచి ఇంటింటికీ తిరుగుతున్నాను. ‘శుక్రవారం నాతో మసీదు గుమ్మం దాకా వస్తావా’ అని అడిగితే చాలామంది ఎందుకని కూడా అడగలేదు. నజ్మియా మాత్రం పిండి పిసుకుతూ, “నా రెండోవాడు కూడా ఈమధ్య ఇంట్లో నవ్వడం లేదు” అని, చేతులు కడుక్కోకుండానే నన్ను పట్టుకుని ఏడ్చింది.

నా కోసం అల్లాకు దువా చెయ్యి.

నీ వస్ఫియా

•

అక్టోబరు 14

నా చిట్టితల్లి నుహాకి,

ఈ ఉత్తరం మాత్రం కాల్చకు. మరిదిగారికి చదివి వినిపించు. పిల్లలకూ వినిపించు.

ఆ శుక్రవారం పదిమంది వస్తే చాలనుకున్నాను. మసీదు వీధి మలుపు తిరిగి వెనక్కి చూస్తే వీధి కనిపించలేదు, నుహా. ఆడవాళ్ళే కనిపించారు. నేను పురుడు పోసినవాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు. ఒకామె ఎనిమిదో నెల కడుపుతో వచ్చింది. “నువ్వెందుకే, ఎండలో” అంటే, “లోపలున్నది మగపిల్లాడైతే?” అంది.

నమాజు అయింది. మగవాళ్ళు బయటికి రాబోయి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఎవరో కుర్రవాడు, “ఆడవాళ్ళకిక్కడేం పని? ఇళ్ళకు పొండి” అన్నాడు. వెనకనుంచి నజ్మియా, “నిన్ను కన్నప్పుడు మీ అమ్మ పెట్టిన కేకలు వీధంతా వింది. అప్పుడెవరూ ఆవిడను ఇంటికి పొమ్మనలేదు” అంది. మగవాళ్ళలోనే ఎవరో కిసుక్కున నవ్వారు.

షేక్ మర్జూక్ కర్ర పొడుచుకుంటూ వచ్చారు. ఎనభై దాటాయి. ఖురాను చదవడం ఈ శిబిరంలో సగం మందికి ఆయనే నేర్పారు, నాహిద్‌తో సహా. “ఏం కావాలమ్మా?” అన్నారు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. “ఒక్క ధర్మసందేహం షేక్. తల్లిని అడక్కుండా, తల్లికి చెప్పకుండా ఆమె బిడ్డను చావుకు పంపడం ధర్మమేనా? మాకు తెలుసుకోవాలనుంది. ధర్మమేనంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపోతాం.”

జనంలోంచి నాహిద్ ముందుకు వచ్చాడు. “షేక్, ఆక్రమణ ఉన్నచోట అనుమతి అవసరం లేదని పండితులు తేల్చారు కదా” అన్నాడు.

షేక్ అతని వైపు తిరిగారు. “ఒకాయన యుద్ధానికి వస్తానని ప్రవక్త దగ్గరికి వచ్చాడు. ఆయన ఏమడిగారు, నాహిద్? నీకు ఈ పాఠం చెప్పింది నేనే.”

నాహిద్ తల దించుకుని, “తల్లిదండ్రులు బతికున్నారా అని అడిగారు” అన్నాడు.

“ఉన్నారంటే?”

“వాళ్ళ సేవలోనే పోరాడమన్నారు.”

“గుర్తుంది. సంతోషం” అన్నారు షేక్. తర్వాత అందరికీ వినబడేలా, “శత్రువు ఇంట్లో ఉన్నాడు, నిజమే. నా ఊరు పోయింది, నా పొలం పోయింది, పోరాడవద్దని నేననను. కానీ పెద్దవాళ్ళు వెనక కూర్చుని పిల్లల్ని ముందుకు తోసే యుద్ధం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. నిరాయుధుల మధ్య తన్ను తాను పేల్చుకోవడమూ చదవలేదు. ఎవరికైనా అంత తొందరగా ఉంటే ముందు తమ ఇంటి గడప దాటి చూడమనండి” అన్నారు.

మా వెనక నుంచి ఒక ముసలమ్మ నాలుక ఆడిస్తూ గొంతెత్తి హర్షధ్వని చేసింది. పెళ్ళిలో చేసినట్టే. దాంతో మరొకరు, ఇంకొకరు. తిరుగుబాటు మొదలైనప్పటి నుంచి ఆ వీధిలో ఆ ధ్వని షహీదుల శవయాత్రల్లో తప్ప వినలేదు. ఆ రోజు ఏ శవమూ లేకుండా విన్నాం. మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ మా మధ్య నుంచి తలలు వంచుకుని వెళ్ళారు. కొందరు వంచుకోలేదు, ‘నీ నోరు చల్లగా ఉండ’ అని దీవించి వెళ్ళారు. వాళ్ళలో బాసిల్ కనిపించలేదు.

శనివారం రాలేదు. ఆదివారం, సోమవారం రాలేదు. నేను ఓడిపోయాననే అనుకున్నాను. ఇదంతా చేసి వాణ్ణి ఇంకా దూరం చేసుకున్నానేమో అని గోడకు చేరగిలపడి కూర్చునేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం పెరట్లో రొట్టెలు కాలుస్తుంటే తలుపు తోసుకుని వచ్చాడు. ఒక్కడే కాదు. నజ్మియా రెండోవాడూ, చేపలవాళ్ళ వీధి కుర్రవాడు ఒకడూ వెంట ఉన్నారు. ముగ్గురి బట్టలూ మాసి ఉన్నాయి. “ఆకలేస్తోందమ్మా” అన్నాడు. అంతే. నేనేమీ అడగలేదు. కాలిన రొట్టె కాలినట్టే వేళ్ళు చురుక్కుమంటున్నా చింపి పెట్టాను. వాళ్ళు ఆలివ్ నూనెలో ముంచుకుని, నువ్వులు కలిపిన జాతర్ ఆకుపొడి అద్దుకుని తిన్నారు. పదకొండు రొట్టెలు.

తిన్నాక వాడే చెప్పాడు. ఆ శుక్రవారం వాడు లోపలి వరసలో ఉన్నాడట, అంతా విన్నాడట. మర్నాడు నాహిద్ వాళ్ళ ముగ్గురినీ కూర్చోబెట్టి, షేక్ ముసలివాడైపోయాడు, ఆయన మాట పట్టించుకోవద్దు అన్నాడట.

“నాకు ఆ బస్సు మాట తలలోంచి పోలేదమ్మా. అయినా వెళ్ళేవాణ్ణేమో” అన్నాడు. “సోమవారం ఆయన్ను ఒక్కటే అడిగాను. హమ్జాను కూడా మాతో పంపుతారా మాస్టారూ, వాడూ నేనూ ఒకే బెంచీలో కూర్చునేవాళ్ళం, అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అవునని అబద్ధమైనా ఆడలేదు. అలా ఊరుకునేసరికి ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని, లేచి చెప్పులు తొడుక్కున్నాం.”

ఆ కుర్రాళ్ళిద్దరికీ ఇంటికి వెళ్ళే మొహం లేదట. బాసిలే ముందు నడిచి, ఒక్కొక్కణ్ణీ వాళ్ళ గుమ్మం దాకా తీసుకెళ్ళి, వాళ్ళ తల్లులకు అప్పగించి వచ్చాడు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నా కొడుకు చేసిన పని అది, నుహా. నేను మసీదు గుమ్మంలో అడిగింది ఒక్క మాటే. గడపగడపకూ నడిచి దానికి జవాబిచ్చింది వాడు.

ఇక్కడ ఆక్రమణ పోలేదు. నిన్న కూడా సైనికులు దారులు మూసేశారు. నాహిద్ ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు, వినేవాళ్ళు వింటూనే ఉన్నారు. అదంతా మారిపోయిందని నేను రాయను. కానీ మొన్న రఫా నుంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. ఆ రోజు నేనేమన్నానో మాట పొల్లుపోకుండా చెప్పమన్నారు. చెప్పాను. ఒకామె పిల్లల నోటుబుక్కులో రాసుకుంది.

బాసిల్ గడ్డం తియ్యలేదు, నమాజు మానలేదు. షేక్ మర్జూక్ దగ్గరికి వెళుతున్నాడు. నర్సింగు బడికి దరఖాస్తు పెట్టాడు. నా రేడియోలో పాటలు వినడం పాపమని రోజూ దెబ్బలాడతాడు, నేను ఇంకొంచెం గట్టిగా పెడతాను. తడి తువ్వాలు మంచం మీద పారేస్తాడు. నా కోసం ఉంచుకున్న కూర తినేసి గిన్నె అక్కడే వదిలేస్తాడు. ఇవాళ పొద్దున్న పావుగంట సేపు వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. వాడు పళ్ళు తోముకుంటూ నురగ నోటితోనే తిరిగి జవాబు చెప్పాడు. ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పనే.

నీ అక్క,
బాసిల్ తల్లి వస్ఫియా