అమ్మ నలుపు

అన్నయ్యా,

ఫోటో స్టూడియో నడపడం నా ఒక్కదానివల్ల కాదు, అమ్మేద్దామన్నావు కదా. ఇది చదివి మాట్లాడు.

పోయిన వారం కంప్యూటర్లో అప్‌డేట్ అయినప్పటినుంచీ ప్రింట్లలో మనుషులంతా తెల్లగా పాలిపోయి వచ్చారు. ప్రింటర్ కంపెనీకి ఫోన్ చేస్తే, అక్కడివాడు "ఇంట్లో మగవాళ్లుంటే ఇవ్వండమ్మా" అన్నాడు. ఒళ్లు మండి పెట్టేశాను.

నువ్వు ఇదివరకు ఇదే మిషన్‌మీద ప్రింట్ తీసిన అమ్మ ఫోటో ఎదురుగా పెట్టుకుని, ఒక్కో సెట్టింగూ మారుస్తూ అదే ఫోటోను మళ్లీ మళ్లీ ప్రింట్ తీశాను. పద్నాలుగోసారి దొంగ దొరికాడు. రంగు సరిచేస్తానంటూ అప్‌డేట్ తనంతట తానే ఒక టిక్కు పెట్టుకుంది. తీసి పారేశాను. అమ్మ నలుపు అమ్మకు తిరిగొచ్చింది.

రెండు ఫోటోలూ ఇందులో పెట్టాను. నీదేదో, నాదేదో పోల్చి చెప్పు. చెప్పగలిగితే అమ్మేద్దాం.

నీ చెల్లెలు