ఫ్లోరెన్సులో మన గది

టుల్లియో,

బేకరీకి వెళ్తున్నాను. నిన్ను లేపబుద్ధి కాలేదు. ఫ్లోరెన్సు హోటల్ వాళ్ళు గదిని సాయంత్రం ఆరింటిదాకే మనకోసం ఉంచుతామన్నారు. లేవగానే ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పు. నంబరు ఈ చీటీ వెనక రాశాను. స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక, లిఫ్టు కూడా ఉంది, రోజుకు తొంభై యూరోలే. ఊరి బయట ఇంకా చవగ్గా దొరుకుతుందేమోనని మళ్ళీ వెతక్కు. వెనిస్‌లో నీ చవక గది పుణ్యమా అని సగం సెలవు బస్టాపులోనే గడిచింది. ఈసారి మధ్యాహ్నం గదికొచ్చి కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ షికారుకు పోదాం. రెండ్రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు.

ఓర్నెల్లా

ఫ్లోరెన్సు తర్వాత మనం దిగే బొలోన్యాలో గది మాత్రం నిన్ననే ఖాయం చేసేశాను. నిన్ను అడిగితే ఆలోచిద్దాం అంటావు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాం.