కప్ప ఎప్పుడు పడాలి

చెల్లాయ్, టిఫిన్ మూతపెట్టి ఉంచాను, తిన్నాకే కంప్యూటర్ ముందు కూర్చో.

నువ్వు మా రెండో తరగతికి చేసిచ్చిన కూడికల ఆటలో, జవాబు తప్పయితే కప్ప జారి బురదలో పడుతుంది కదా. అది చూడాలని పిల్లలు ట్యాబ్‌లో కావాలనే తప్పు నొక్కుతున్నారు. కూడికలన్నీ వచ్చిన మూలబెంచీ పిల్లకి నిన్న సున్నా. "ఏమ్మా, రాదా?" అంటే, "వచ్చు టీచర్, ఇంకోసారి పడనీ" అంది. ఈ మార్కులే చూస్తే హెడ్మాస్టరుగారు రేపు దాన్ని వెనకబడ్డవాళ్ళ గదిలోకి మార్చేస్తారు. ఒప్పు నొక్కితేనే కప్ప పడేట్టు ఇవాళే మార్చు. బొమ్మ మరీ అంత ముద్దుగా వద్దంటే విన్నావా?

– అక్క

కప్పను మాత్రం తీసెయ్యకు. బడి తెరిచాక ఆ పిల్ల నాతో నోరు విప్పడం ఇదే మొదలు.