కోడలి సంచి మోసిన మామగారు

ఇంటి బరువంతా ఒంటి చేత్తో లాక్కొస్తున్న నా ఇల్లాలికి,

ఇక్కడ కోడలూ నేనూ కులాసా. అక్కడ నువ్వూ అబ్బాయీ మనవరాలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలోని తిట్లను బట్టే తెలిసింది. ఒంట్లో బాగా లేకపోతే నువ్వు ఇంత ఓపిగ్గా తిట్టవు.

ఉత్తరం, కోడలికి పంపిన స్వెట్టరూ పొద్దున బస్సులో వచ్చాయి. నాతోపాటు ఉద్యోగం చేసిన మన బట్టతల డ్రైవరే గదికి తెచ్చిచ్చాడు. సాయంత్రం అతను తిరుగు బండి తీసేలోగా ఈ జవాబు అతని చేతిలో పెట్టాలి. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నన్ను ఎప్పుడు పూర్తిగా చెప్పనిచ్చావు గనక?

మోకాలు బాగానే ఉంది. మాత్రలు మానలేదు. మనవరాలికి పళ్లొస్తున్న చికాకని రాశావు. ఆ ముక్క చదివి వాళ్లమ్మ కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇక, గదిలో ఆడుకునే గోల్ఫ్ ఉండగా వానలో, బురదలో ఆ తిరుగుడేమిటని అడిగావు. ఆ మాట నీకంటే ముందు నేనే అన్నాను. అక్కడే వచ్చింది తంటా.

మన ఊళ్లో కోడలు బజారు మేడమీద గోల్ఫ్ పాఠాలు చెప్పే సిమ్యులేటర్ గదిలాంటిదే మా బస కింద ఒకటుంది. ఎదురుగా తెర మీద మైదానం బొమ్మ, కాళ్ల కింద పచ్చ చాప. బంతిని కొడితే తెరకు తగిలి కింద పడుతుంది. నిజంగా అయితే ఎంత దూరం పోయేదో యంత్రం చెబుతుంది. కోడలి కోచ్ పరీక్ష జరిగే మైదానం బొమ్మ కూడా అందులో ఉంది. పరీక్షకు ముందు రెండు రోజులూ ఒకటే వాన. కోడలు గొడుగు తీసి, మైదానానికే వెళ్దాం మామయ్యా అంది. కోడలిపిల్లకు మొన్ననే జ్వరం తగ్గింది, తడవనిస్తే ఊరుకోనన్న నీ మాట నా చెవుల్లో గింగురుమంటోంది. వద్దన్నాను. నా మాట కాదనలేక గొడుగు ముడిచేసింది.

ఆ గది నాకు తెగ నచ్చింది. వెచ్చగా ఉంటుంది, కుర్చీ వేస్తారు, టీ తెచ్చిస్తారు. అయితే ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. ముందు అద్దం తుడవకుండా ఏనాడైనా బస్సు తీశానా? తెర దగ్గర పడ్డ బంతిని ఎత్తడం, చేతిరుమాలుతో తుడవడం, మళ్లీ చాప మీద పెట్టడం. రెండు రోజులూ ఇదే నా ఉద్యోగం. మీ చేతికి దొరికితే బంతైనా బస్సు అద్దమే మామయ్యా అని కోడలు ఒకటే నవ్వు.

నిన్న పరీక్ష. వాన వెలిసింది కానీ గాలి ఆగలేదు. ఈ ఆటలో బంతిని కొట్టే దెబ్బలు ఎంత తగ్గితే అంత గొప్ప. వాళ్లు పెట్టిన హద్దులో ఆట ముగిస్తే బయటి మైదానంలో కోచ్ ఉద్యోగం, లేకపోతే మళ్లీ ఆ మేడమీది గదే. తెర ముందు గోల్ఫ్ నేర్పడం గట్టు మీద పడుకోబెట్టి ఈత నేర్పినట్టుంది మామయ్యా అని ఎన్నిసార్లు వాపోయిందో. నిన్న నువ్వు చూసి ఉండాల్సింది. చిటికెడు గడ్డి గిల్లి గాల్లో వదిలేది, అది ఎటు ఎగిరిందో చూసేది, అప్పుడు కొట్టేది. ఇసుక గుంటలో పడ్డ బంతిని మెత్తగా పైకి లేపి జెండా పక్కన దింపితే, అవతలి ఆటగాళ్లే చప్పట్లు కొట్టారు. తన ఆట కర్రల సంచి మోస్తున్న నా భుజం నొప్పి ఎటు పోయిందో.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకుండా చదువు.

ఆట ముగింపుకొచ్చింది. కోడలు బంతి తడి గడ్డిలో పడి బురద కొట్టుకుపోయింది. తను నేల వాలు చూసొస్తానని ముందుకెళ్లింది. తన లెక్క రాసే తోటి ఆటగత్తె పొదల వెనక సొంత బంతిని వెతుక్కుంటోంది. నా చెయ్యి నన్ను అడగలేదు. బంతి ఎత్తాను, శుభ్రంగా తుడిచాను, ఉన్నచోటే పెట్టాను.

కోడలు వచ్చి తెల్లగా మెరుస్తున్న బంతిని చూసింది, నా చేతిలోని రుమాలు చూసింది. ముఖం పాలిపోయింది. ఆట మధ్యలో అలా బంతిని ఎత్తకూడదట. సంచి మోసేవాడు ఎత్తితే ఆడేవాళ్లకు ఒక దెబ్బ జరిమానా. నోటికొచ్చింది అనేశాను:

"ఎవరూ చూడలేదమ్మా. ఊరుకో."

"రేపు నేను పిల్లలకు ఈ ఆటే నేర్పాలి కదా మామయ్యా," అంది.

అనేసి చెయ్యెత్తి ఆటగత్తెను పిలిచింది. జరిగింది చెప్పి, తన లెక్కలో ఒక దెబ్బ వేయించుకుంది. చివరికి హద్దు తప్పింది సరిగ్గా ఆ ఒక్క దెబ్బతోనే.

రాత్రి నీకు ఫోన్ చేసి, ఒక్క దెబ్బలో పోయింది అత్తయ్యా అంది. అంత దూరం వెళ్లి ఆ ఒక్కటీ తగ్గించుకోలేకపోయావా అని నువ్వు దులిపేశావు. పొరపాటైంది అత్తయ్యా అందే తప్ప నా పేరు ఎత్తలేదు. పక్కనే కూర్చుని నేను నోరు విప్పలేకపోయాను. సిగ్గేసింది. ఆ సిగ్గును మించి గర్వమూ కలిగింది. ఇలాంటి పిల్ల మన ఇంటికొచ్చిందని పొద్దున డ్రైవరుకు చెప్పాను, కింద టీ ఇచ్చేవాడికి చెప్పాను. నీకు చెప్పకపోతే ఎలా?

రేపే వచ్చేయండని రాశావు. రాము. ఆదివారం మళ్లీ పరీక్ష ఉంది. ఈసారి ఆట తెలిసినవాళ్లెవరినైనా సంచికి పెట్టుకోమ్మా అన్నాను. మీరే మోయాలి మామయ్యా, ఆ రూలు ఇప్పుడు నాకంటే మీకే బాగా తెలుసు అంది.

ఇందాకటి నుంచి మళ్లీ తుంపర మొదలైంది. కింద గది వెచ్చగా, ఖాళీగా ఉందట. గదికా, మైదానానికా అని కోడలు నన్నే అడిగింది. ఈసారి గొడుగు నేనే తీశాను. నీ స్వెట్టరు తొడుక్కుంది, భయపడకు.

రాత్రికి తను ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క దెబ్బ గురించి ఇంకేమైనా అనాలనిపిస్తే, ఫోను మామయ్యకివ్వు అని చెప్పు. అది నాది.

ఇట్లు,
చేతిరుమాలు గదిలోనే వదిలి బయల్దేరుతున్న
మీ ఆయన