అకారం తోక

మార్చి 4, మంగళవారం
పొద్దున్నే కవరు. బయటి ప్రొఫెసర్ గారి రిపోర్టు. నేను పీహెచ్‌డీ సెక్షన్ సూపరింటెండెంటునయ్యాక ఆయన పంపిన రెండోది. మా ఫారం చివర ఒక గడి, అందులో ఒకే అక్షరం రాయాలి. అ అంటే థీసిస్ బాగుంది, వైవాకు పిలవొచ్చు. ఆ అంటే సవరించి మళ్లీ సమర్పించాలి. ఇ అంటే తిరస్కారం.

ఆయన రాసింది ఆ. కింద మాత్రం "వైవాకు నన్ను ఎప్పుడు రమ్మంటారు?" అని ఉంది. ఇదెక్కడి తిరకాసు... ఫోన్ చేశాను.

"అ అండీ. అమ్మలో అ. చివర తోక కాస్త పైకి తిప్పుతాను, నా రాత అంతే." నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆయన మొదటి రిపోర్టు గుర్తొచ్చింది.

మార్చి 5
బీరువా తెరిచాను. ఆ మొదటి రిపోర్టు ఉన్న ఫైలు, ఎస్తేరు అనే స్కాలరుది. అదే చెయ్యి, అదే తోక. రెండో ఎగ్జామినరు శుభ్రంగా అ రాశారు. ఈయనది ఆ అని చదివింది నేను. సవరించమని ఆ అమ్మాయికి ఉత్తరం పంపింది నేను. కింద నా సంతకం. ఎంత ధీమాగా ఉందో.

రిపోర్టు మూడు పేజీలు. ఇవాళే మొదటిసారి చదివాను. మా సెక్షన్‌లో ఒక మాట ఉంది: గడి చూడు, కథ చూడకు. కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పుతాను. కథ చదివితే జాలి పుడుతుంది, జాలి పుడితే న్యాయం తప్పుతుంది అని. ఎంత గొప్పగా చెప్పేదాన్నో.

రెండో పేజీలో: "నాలుగో అధ్యాయం ఈ థీసిస్‌కు ప్రాణం."

మార్చి 6
అన్నం సహించలేదు. మా ఆయన నా కంచం వైపు చూసి, "ఏందే, గట్ల కూసున్నవ్?" చెప్పాను. తర్వాత, "వేరేటోళ్లు చేస్తే నువ్వు ఊకుందువా?"

ఊరుకునేదాన్ని కాదు. నలుగురిలో కడిగేసేదాన్ని.

మార్చి 7
పరీక్షల కంట్రోలర్ సార్ గది. ప్రొఫెసర్ గారి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాను. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశారు.

"ఎట్లైనా మళ్ల సబ్మిట్ చేస్తది గద. పాసైతది. ఊకె తవ్వుడెందుకు?"

ఏం మార్చాలో మనం ఒక్క ముక్క చెప్పలేదు సార్, అన్నాను. వైవా దాకా రిపోర్టు సీలులోనే ఉండాలని మన రూలు. ఏం మార్చిందో, ఏం పాడుచేసుకుందో. గడువు ఈ నెలాఖరు. దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

"ఒక్కరికి ఉత్తరం వాపస్ తీసుకుంటే రేపు అందరొస్తరు మేడం, మాది గూడ సూడుమని."

రానీయండి సార్. మొన్న వచ్చిన రిపోర్టుకు ఫోన్ చేసి అడిగి అ అని రాసుకున్నాం. ఈమెకు చేయకపోతే ఎట్లా?

"నోట్ పెట్టుండ్రి. సూస్త."

మార్చి 10
నోట్ పెట్టాను. "పొరపాటు జరిగినది" అని రాశాను. కొట్టేసి, "పొరపాటు నేను చేశాను" అని రాశాను. ఎవరు చేశారో చెప్పని వాక్యాలు రాసీ రాసీ చేతికి అదే అలవాటైపోయింది.

మార్చి 12
నోట్ కదల్లేదు.

మార్చి 13
మధ్యాహ్నం ఎస్తేరే వచ్చింది. సవరించిన థీసిస్, ఎర్ర అట్టల కాపీలు నాలుగు నా బల్ల మీద పెట్టింది. సన్నగా ఉన్నాయి. బీరువాలో ఉన్న పాత కాపీ లావు.

ఏం తీసేశావమ్మా?

"నాలుగోది. మా అమ్మ, అమ్మతోని మసాలా ఫ్యాక్టరీల పనిజేసేటోళ్ల మాటలు. ఏం మార్చాల్నో లెటర్ల లేదు గద మేడం. గైడ్ సార్ గూడ మస్తు ఆలోచించి, గదే అయ్యుంటది అన్నడు. ఇంట్లోళ్ల మాటలు రీసెర్చి ఎట్లయితది అని..."

రిపోర్టు సంగతి స్కాలరుకు చెప్పకూడదు. ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. కాపీలు సంచిలోకి సర్దుకుంటూ నెమ్మదిగా అంది: "అమ్మకు జెప్పిన మేడం, నీ మాటలు పనికిరావన్నరని. గప్పటి సంది నేను ఫోన్ల రికార్డు చేస్తనంటే నోరు తెరుస్తలేదు."

మార్చి 16, ఆదివారం
చర్చిలో ప్రార్థన అయ్యే వేళకు నాచారం, ఎస్తేరు వాళ్లింటికి వెళ్లాను. ఫ్యాక్టరీల వెనక రెండు గదుల ఇల్లు. తల్లి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. రిపోర్టులోని ఆ వాక్యం ఒక చీటీ మీద రాసుకెళ్లి చదివాను. మీ మాటలే ప్రాణమని రాశారమ్మా.

"గా పెద్దసారే రాసిండా?"

అవునమ్మా.

"మరి పనికిరావని ఎవరన్నరు?"

చీటీ వెనక రెండు అక్షరాలూ రాసి చూపించాను. ఇది అనుకోవాల్సింది, ఇది అనుకున్నానమ్మా. ఆమెకు చదువు రాదు. చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"రెండు ఒక్కతీరుగనే ఉన్నయి గదమ్మా" అంది.

నన్ను ఓదారుస్తోంది. ఉప్పల్ దాకా ఆటోలో ఏడుస్తూ వచ్చాను.

మార్చి 17
సార్ లీవు. నోట్ ఆయన బల్ల మీదే. గడువుకు పద్నాలుగు రోజులు. ఎస్తేరు ఫోన్ చేసింది: "సన్న కాపీలే ఇచ్చెయ్యాల్నా మేడం, ఆగాల్నా?" ఆగు అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

సాయంత్రం నుంచి పాత ఫైళ్లు దించుతున్నాను. నేను ఆ అని చదివి వెనక్కి పంపినవి. ఇది తొమ్మిదోది. వేరే ఎగ్జామినరు, వేరే చెయ్యి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను, లైటు కింద చూశాను. అ నో, ఆ నో... నాకు తెలియడం లేదు. ఈ ఎగ్జామినరు పోయిన ఏడాదే చనిపోయారు.