మిస్డ్ కాల్ మర్యాద

ప్రత్తిపాడు

మంగళగిరి ఆఫీసులోని మార్క్ గారికి, యలమంద నమస్కరించి రాసేది.

నా దస్తూరీ కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించండి. తల్లీతండ్రీ లేని మా మనవరాలు మాధురి ఫోను మందుకొట్టే డ్రమ్ములో పడింది. తన సిమ్ము నా ఫోనులో వేశాం. రోజూ దీపాలవేళ ఒక నంబరు ఒక్కసారి మోగి ఆగిపోతోంది. పాపం బాలెన్సు లేదేమోనని నేనే తిరిగి చేస్తున్నాను. అవతల కట్ చేస్తున్నారు. మాధురి పాత ఫోను అట్టలో మీ కార్డు దొరికింది, అదే నంబరు. నా వల్ల తప్పేమైనా జరిగిందా?

ఇట్లు,
యలమంద

తా.క.: నిన్న మీ నంబరుకి రీచార్జి చేయించాను. ఇకనైనా మాట్లాడండి.

*

మంగళగిరి

యలమంద గారికి, నమస్తే అండి.

అది మిషను చేసే కాల్. మాధురి గారు మాత్రమే తిరిగి చేయాలి. మీరు చేస్తే తనే చేసిందని, అంతా బాగుందనుకుంటాం. కారణం తనే చెప్పాలి, నేను చెప్పకూడదు. ఈ ఉత్తరం తనకివ్వండి చాలు.

మీ
మార్క్

తా.క.: ఇంట్లో ఇంకెవరికీ చూపించకండి.

*

ప్రత్తిపాడు

మార్క్ బాబుకి,

సాయంత్రంపూట ఆడపిల్లకి ఫోను, పైగా ఇంట్లో చూపించొద్దనడం. మాధురిని అడగడానికి నాకు నోరు రాలేదు, ఉత్తరం జేబులోనే ఉంది. ఇష్టమైతే పెద్దవాళ్ళని తీసుకుని రండి. మతం సంగతి నేను సర్దుకుంటాను. మా ఆవిడ సుబ్బరావమ్మని సర్దలేను.

ఇట్లు,
యలమంద

తా.క.: మిరపకోతలయ్యాక రండి. ఇప్పుడు కూర్చోబెట్టడానికి చోటు లేదు, ఇల్లంతా కాయలే.

*

మంగళగిరి

యలమంద గారికి,

నాకు పెళ్ళయిందండి, ఇద్దరు పిల్లలు. బతిమాలుతున్నాను, ఆ ఉత్తరం తనకివ్వండి. ఆలస్యమైతే నష్టం మాధురి గారికే.

మీ
మార్క్

తా.క.: మీరెంత రీచార్జి చేయించినా మా మిషను మాట్లాడదు.

*

ప్రత్తిపాడు

మార్క్ గారికి నమస్కారాలు.

మీ పెళ్ళి సంగతి చదివి, కర్ర పట్టుకుని మంగళగిరి బస్సెక్కబోయాను. మాధురి అడ్డొచ్చింది. ఉత్తరాలు రెండూ తన చేతిలో పెట్టాను. చదివి, అప్పుడు చెప్పింది. తల్లి కడుపులోనే హెచ్‌ఐవి వచ్చిందట, ఈమధ్యే పరీక్షలో బయటపడిందట. రోజూ బిళ్ళ వేసుకోవాలట, వేసుకున్నాక మీకు కాల్ చేయాలట. ఫోను పోయాక బిళ్ళలూ మానేసిందట. నేనేమో మర్యాదకని తిరిగి చేస్తూ, తను బిళ్ళ వేసుకుంటోందని మిమ్మల్ని నమ్మించాను.

"నాకు వేరే కంచం పెడతావా తాతయ్యా" అంది. నా కంచంలో అన్నం కలిపి ముద్ద పెట్టాను.

మర్నాడు గుంటూరు ఆసుపత్రికి వెళ్ళాం. మందు మళ్ళీ మొదలుపెట్టారు. మానకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతుందన్నారు. ఇప్పుడు ఫోను మోగగానే బిళ్ళ వేసుకుని తనే మీకు చేస్తోంది. అమ్మమ్మకి మాత్రం తనకి ధైర్యం వచ్చినప్పుడు చెప్తానంది. సరేనన్నాను.

ఇట్లు,
యలమంద

తా.క.: రోజూ సాయంత్రం ఆ ఫోనెవరికని సుబ్బరావమ్మ అడిగింది. నాకే అన్నాను. అప్పట్నించీ కంచం నా ముందు విసిరి పెడుతోంది. పర్లేదు. త్వరగా జాబు రాయండి. కవరు మీద మార్క్ అని పెద్దక్షరాలతో రాయండి, ఫోను చేసేది మీరేనని చూపిస్తాను. మగపేరు చూస్తే కూరన్నా వేస్తుంది.